గొట్టంలో దాచిన మూడు బొమ్మలు

పరీక్షకులు ముగ్గురూ బొమ్మలు తగిలించిన నా గోడ ముందు పది నిమిషాలు నిలబడ్డారు. చూశారు, ఏదో రాసుకున్నారు, థాంక్యూ అన్నారు, పక్క గోడకి వెళ్ళిపోయారు. ఒక్కరంటే ఒక్కరు "ఇంకేమైనా ఉన్నాయా?" అని అడగలేదు. తలుపు వెనక నిలబెట్టిన అట్ట గొట్టంలో నా అసలు సరుకు, మూడు పెద్ద బొమ్మలు, చుట్టినవి చుట్టినట్టే ఉండిపోయాయి. నేను ఏమీ అనడానికి లేదు. ఆ పది నిమిషాలూ విద్యార్థి మాట్లాడకూడదని నియమం. చూడటానికొచ్చిన ముగ్గురు మనుషులు కళ్ళ ముందే వెళ్ళిపోతుంటే నోరు మూసుకుని నిలబడటం నలభై ఏళ్ళ నా బతుకులో అదే మొదటిసారి.

నేనెందుకంత తెలివితక్కువ పని చేశానో తెలియాలంటే మా కొట్టు సంగతి చెప్పాలి.

మాది రాజమండ్రిలో బట్టల కొట్టు. నాన్నదొకటి, ఎదురుగా పెదనాన్నది, పక్క సందులో మేనమామది. బడి వదలగానే నేను ఇంటికి కాదు, కొట్టుకే వెళ్ళేదాన్ని. పరుపు మీద ఓ మూల కూర్చుని హోంవర్కు చేసుకుంటూనే, లోపలికొచ్చినావిడ కొంటుందో ఊరికే చూసిపోతుందో మొహం చూసి చెప్పేసేదాన్ని. చీర చూపించడానికి మా ఇంట్లో ఒక వరస ఉంది. బాగున్నది ముందు తియ్యకూడదు. మొదట మూడో రకం పరవాలి. ఆవిడ పెదవి విరుస్తుంది. తర్వాత రెండో రకం. ఆవిడ వేళ్ళ మధ్య అంచు నలిపి చూస్తుంది, ధర అడుగుతుంది, పక్కనున్న చెల్లెలి వంక చూస్తుంది, "మళ్ళీ వస్తామండీ" అంటూ లేచి చెప్పుల్లో కాలు పెడుతుంది. సరిగ్గా అప్పుడు నాన్న పైఅర వంక తలెత్తి, ఏదో అప్పుడే గుర్తొచ్చినట్టు, "అమ్మా, ఒక్కటి మాత్రం చూసి వెళ్ళండి. కొనొద్దు" అనేవాడు. ఆ కొనొద్దనే మాటకి ఆవిడ మళ్ళీ కూర్చునేది. మంచి సరుకు ముందే పరిచేస్తే పెదవి విరుపు దాని మీదే మొదలవుతుంది, ఆ తర్వాత తియ్యడానికి మన దగ్గర ఇంకేమీ ఉండదు. ఇది నాకు అక్షరాలతో పాటే వచ్చిన చదువు.

ఇంకో సంగతి కూడా ఉంది. నాన్న తల వెనక గోడకి "ఒకే ధర. బేరములు లేవు" అని ఎర్ర అక్షరాల బోర్డు ఉండేది. దాని కిందే కూర్చుని ఆయన రోజంతా బేరాలాడేవాడు. అంచేత ఎక్కడ ఏ నియమం రాసి ఉన్నా, అది మాట కలపడానికి ఇచ్చిన సందు అనే నాకు అనిపిస్తుంది. పెళ్ళయి బహ్రెయిన్ వచ్చాక కూడా ఈ నమ్మకం మారలేదు. మనామా పాత బజారు, సూక్‌లో ఆ నమ్మకం బాగానే చెల్లింది కూడా.

మా ఆయన సల్మానియాలో ఆస్పత్రి ల్యాబులో పని చేస్తారు. ఇల్లు అక్కడికి నడిచి వెళ్ళేంత దూరం. అమ్మాయి ఈసా టౌన్ స్కూల్లో తొమ్మిదో క్లాసుకి వచ్చేసరికి దానికి నా అవసరం తగ్గింది, నాకు పగళ్ళు మిగిలాయి. చీరల మధ్య పెట్టే అట్టల వెనక బొమ్మలు గీసుకుంటూ పెరిగిన దాన్ని కాబట్టి, ఒక కాలేజీలో రెండేళ్ళ విజువల్ ఆర్ట్స్ డిప్లొమాలో చేరాను. మొదటి ఏడాది చివర అందరికీ తలా రెండు మీటర్ల గోడ ఇస్తారు. ఏడాదంతా గీసిన వాటిలో మనకి నచ్చినవి అక్కడ పెట్టాలి. ఆ గోడని చూసి ఎనిమిది మందిని రెండో ఏడాది పెయింటింగులోకి తీసుకుంటారు, మిగతావాళ్ళు కంప్యూటర్ డిజైన్‌లోకి వెళ్ళాలి. మేము ఇరవై ఒక్క మందిమి. నాకు పెయింటింగే కావాలి. మౌసుతో గీత గీస్తే ఆ గీత నాది కాదనిపిస్తుంది. దాని కోసం మరీ అంత ఆశ పెట్టుకుంటానని నేనే అనుకోలేదు.

మాకు డ్రాయింగ్ చెప్పే మేడం బహ్రెయినీ ఆవిడ, ఇంచుమించు నా వయసే. ఒళ్ళంతా కప్పే నల్ల అబాయాలోనే బొగ్గు పట్టుకునేది. "మరక పడ్డా ఎవరికీ తెలియదు, అందుకే మేము కళాకారులుగా పుట్టాం" అని నవ్వేది. ఆవిడ నన్ను మొదటి నెలలోనే బెదరగొట్టింది. కూజా బొమ్మ ఇవ్వడానికి మూడు రోజులు గడువు పెడితే నేను పది రోజులు అడిగాను. ఐదుకి తెగుతుందని నా అంచనా. ఆవిడ నా వంక చూసి, "పది ఎందుకు? రెండు వారాలు తీసుకోండి" అంది. అడిగిన దానికంటే ఎక్కువ ఇచ్చే మనిషితో ఎలా మాట్లాడాలో మా ఇంట్లో ఎవరూ నేర్పలేదు. ఇంటికెళ్ళే దారంతా ఒకటే ఆలోచన: నెల అడిగుంటే ఏమయ్యేదో!

ఏడాది పనికి ఇచ్చిన విషయం "మీకు దగ్గరగా ఉన్నది". పిల్లలు పిల్లుల్ని గీశారు, అమ్మమ్మల్ని గీశారు, ఒకబ్బాయి వాళ్ళ నాన్న పడవని గీశాడు. నేను సూక్‌లో బట్టల కొట్లు గీశాను. నిలబెట్టిన తానులు, కత్తెర, కొలబద్ద మీద బొటనవేలు, సగం దించిన షట్టరు. పన్నెండు బొమ్మలు, శుభ్రంగా, ఏ వంకా పెట్టలేనట్టు వచ్చాయి.

అవి కాక ఇంకో మూడు. జనవరిలో మా ఆయనకి వరసగా నైట్ డ్యూటీలు పడ్డాయి. పొద్దున్నే వచ్చి, కర్టెన్ లాగి, డ్యూటీ బట్టల్లోనే మంచం మీద వాలిపోయేవారు. మెడలో ఐడీ కార్డు, ఒక కాలికే సాక్సు, తెరుచుకున్న నోరు. కర్టెన్ సందులోంచి వెలుగు ఒక చెంప మీద మాత్రం పడేది. మంచం పక్కన నేల మీద పెద్ద కాగితం పరిచి, చప్పుడు చెయ్యకుండా, మూడు పొద్దులు మూడు బొమ్మలు గీశాను. అవి బాగా వచ్చాయని నాకు తెలుసు. పట్టు ఏదో కలనేత ఏదో చెయ్యి పెట్టకుండానే తెలిసినట్టు తెలుసు. అందుకే ఎవరికీ చూపించలేదు, గొట్టంలో పెట్టేశాను.

గోడలు సర్దుకునే రోజు నా పక్క గోడ ఒక పంతొమ్మిదేళ్ళ బహ్రెయినీ అమ్మాయిది. నన్ను ఖాలా అని పిలిచేది, అంటే పిన్నీ అని. నేను పన్నెండు సూక్ బొమ్మలూ రెండు వరసల్లో పెట్టి, గొట్టం తలుపు వెనక నిలబెట్టడం చూసింది.

"ఖాలా, అందులో ఏముంది?"

"అసలువి."

"మరి పెట్టలేదేం?"

"ముందే ఎవరైనా పెడతారా? వాళ్ళు చూసి, ఇక వెళ్దామనుకుంటారు చూడు, అప్పుడు తీస్తాను."

ఆ పిల్ల నోటీసు కాగితం తెచ్చి నా మొహం ముందు పెట్టింది. "ఖాలా, చదువు. గోడ మీద ఉన్నవే లెక్క. నువ్వు మాట్లాడకూడదు."

"రాస్తారమ్మా. అలాగే రాస్తారు" అన్నాను, పాతికేళ్ళు గల్లాపెట్టె వెనక కూర్చున్న దానిలా.

తర్వాత జరిగింది మొదట్లోనే చెప్పాను. చెప్పనిది ఒకటుంది. వాళ్ళు పక్క గోడకి తిరగబోతుంటే నేను నోరు తెరిచాను. ఆ ముగ్గురిలో ఒకరైన మా మేడం పెదవుల మీద వేలు పెట్టింది. వాళ్ళు అన్ని గోడలూ చూసి వరండాలోకి వెళ్ళేదాకా ఎలాగో ఆగాను. ఆగి, గొట్టం పట్టుకుని వెనకే పరిగెత్తాను. "సార్! ఒక్కటి మాత్రం చూసి వెళ్ళండి!" అని కేక పెట్టాను. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు తెల్లగడ్డం పెద్దాయన. కంగారుపడి ఆగారు. నేను వరండా నేల మీదే బొమ్మ పరిచాను. నెలల తరబడి చుట్టి ఉన్న కాగితం కదా, ఇటు మూల నొక్కితే అటు మూల లేచి చుట్టుకుపోతోంది. మోకాలితో ఒక మూల, మోచేతితో ఒక మూల నొక్కి, తలెత్తి చూసేసరికి పెద్దాయన కాగితం తొక్కకుండా జాగ్రత్తగా పక్కనించి దాటుకుని వెళ్ళిపోతున్నారు. మేడం వంగి, మెల్లిగా, "ఖలాస్. గోడ అయిపోయింది" అంది.

పక్క గోడ అమ్మాయి గుమ్మంలో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. ఆ క్షణంలో నేను ఎలా ఉండుంటానో దాని కళ్ళలో కనిపించింది: కొట్టు మెట్లు దిగిన గిరాకీ వెనక బజార్లో పడి పరిగెడుతున్న మనిషిలా. మా నాన్న కూడా అంత పని ఎప్పుడూ చెయ్యలేదు.

మూడో రోజు జాబితా పెట్టారు. నా నంబరు డిజైన్‌లో ఉంది. ఆ కాగితం ముందు ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ఎవరో పక్కకి జరగమంటే జరిగాను. తర్వాత తిన్నగా మేడం గదికి వెళ్ళాను, బేరానికే.

"వాటిని గోడ మీద ఎందుకు పెట్టలేదు?" అని ఆవిడే ముందు అడిగింది. మూడో రకం, రెండో రకం, చెప్పుల్లో కాలు, అంతా చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. ఆవిడ మొహంలో రంగు మారింది.

"అంటే మాకు రెండో రకం చూపించారా? తెలిసి తెలిసి?"

"అది మా పద్ధతి మేడం."

"మీ కొట్టులో మనిషి ఎంతసేపు కూర్చునేది?"

"గంట. ఒక్కోసారి మధ్యాహ్నం దాకా. టీలు కూడా తెప్పించేవాళ్ళం."

"మాకు పది నిమిషాలు. టీ కూడా ఇవ్వలేదు" అంది. అని లేచి, నా చేతిలో గొట్టం తీసుకుని, మూడు బొమ్మల్నీ తనే గోడకి పిన్నులతో పెట్టింది. వెనక్కి జరిగి చూడటం మొదలుపెట్టింది. నేను "ఇది జనవరిలో..." అన్నాను. "ష్" అంది. అలా చూస్తూనే ఉంది. ఏసీ చప్పుడు తప్ప ఏమీ లేదు. కొనని మనిషి అంతసేపు ఒక వస్తువుని చూడటం నేను ఎన్నడూ చూడలేదు.

చివరికి అడిగింది: "పడుకున్నాయన ఎవరు?"

"మావారు."

"ఆయనకి తెలుసా?"

"తెలియదు. నిద్రలో ఉన్నారు కదా."

ఆవిడ నా వైపు తిరిగింది. "అయితే మీరు వీటిని పెట్టినా నేనే తీయించేదాన్ని. మనిషిని అడగకుండా అతని నిద్రని గోడ మీద పెట్టనివ్వను."

అదొక దెబ్బ. అంటే నా దగ్గర ఉన్నదనుకున్న మంచి సరుకు అసలు నాది కాదన్నమాట. ఇన్నాళ్ళూ గొట్టంలో దాచుకున్నది వేరేవాళ్ళ సొత్తు.

జాబితా మారదంది. కావాలంటే డిజైన్‌లో చేరొచ్చు, లేదా రెండో సెమిస్టరు సెప్టెంబరు నుంచి మళ్ళీ మొత్తం చేసి మళ్ళీ గోడ తీసుకోవచ్చు. "సగం సెమిస్టరు చేస్తే?" అన్నాను. "లేదు" అంది. ఆవిడ నోట ఆ మాట వినడం అదే మొదటిసారి. అందులో వేలు దూర్చే సందు కూడా లేదు.

ఆ సాయంత్రం ఇంట్లో చెప్పాను. ఆయన డ్యూటీకి బయల్దేరే ముందు టీ తాగుతున్నారు.

"ఇంకో ఆరు నెలలా? ఫెయిలయ్యావా ఏంటి?"

"ఫెయిలు కాదండీ. సీటు రాలేదు."

మా అమ్మాయి గదిలోంచి పరిగెత్తుకొచ్చింది. దాని మొహం వెలిగిపోతోంది. "అమ్మా, నువ్వు ఫెయిలా? నాకు మ్యాథ్స్‌లో మూడు మార్కులు తగ్గితే ఎన్ని మాటలన్నావ్!"

"నువ్వు లోపలికి పో."

"పోను. నీ ప్రోగ్రెస్ కార్డు మీద నాన్న సంతకం పెడతారా?"

దాన్ని తరిమి, బొమ్మలు తెచ్చి సోఫా మీద పరిచాను. ఆయన నవ్వుతారనే అనుకున్నాను. నోరు తెరుచుకుని ఉందంటే ఏం చెప్పాలో, ఐడీ కార్డు మీద పేరు కనిపిస్తోందంటే ఏం చెప్పాలో అన్నీ సిద్ధం చేసుకున్నాను.

"ఎవరిది?" అన్నారు.

"మీదే."

"నాకు తెలియకుండానా?"

"మీరు నిద్రలో..."

"సాక్సు ఒకటే ఉందేం?"

"రెండోది తీసేలోపే నిద్రపోయారు."

ఆయన వంగి దగ్గరగా చూశారు. "చచ్చినవాడిలా ఉన్నాను కదే" అన్నారు.

పదహారేళ్ళుగా ఈ మనిషి ఇలా పడి నిద్రపోవడం రోజూ చూస్తున్నాను. బొమ్మ గీస్తున్నప్పుడు నాకు కనిపించింది చెంప మీద వెలుగు, కార్డు తాడు నీడ, అంతే. ఆయనకి మొదటి చూపులోనే కనిపించింది నాకు మూడు పొద్దులు చూసినా కనిపించలేదు. కప్పులో సగం టీ వదిలేసి ఆయన డ్యూటీకి వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున్న వచ్చి మంచం అంచున కూర్చున్నారు. బూట్లు విప్పుతూ, నా వంక చూడకుండా, "అవి మూడూ వద్దు. ఎవరికీ చూపించకు. కావాలంటే కొత్తది గీసుకో, చెప్పి గీసుకో" అన్నారు.

ఏడాదిలో చేసిన ఒకే ఒక్క మంచి పని పోయింది. "పోనీ, ఒక్కటి..." అని నాలిక చివరిదాకా వచ్చింది. ఆయన మొహం చూసి మింగేశాను. బొమ్మలు అలమరలో చీరల అడుగున పెట్టాను. కాలేజీకి వెళ్ళి రెండో సెమిస్టరు మళ్ళీ చేస్తానని ఫారం ఇచ్చి వచ్చాను.

సెప్టెంబరు నుంచి అసలు అవస్థ మొదలైంది. ఆయన డ్యూటీ నుంచి వచ్చి, స్నానం చేసి, ఉతికిన బట్టలు వేసుకుని, తల దువ్వుకుని, రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుని వెల్లకిలా పడుకునేవారు. "ఊఁ, గీసుకో" అనేవారు. పెళ్ళిచూపులకి కూర్చున్నవాడు కూడా అంత బిగుసుకోడు. కళ్ళు మూసుకున్నారన్నమాటే గాని రెప్పల కింద గుడ్లు అటూ ఇటూ తిరుగుతూనే ఉండేవి.

"అయ్యిందా?"

"మీరు నిద్రపోండి."

"ఎలా పోతానే? నువ్వు చూస్తున్నావుగా."

"మీరు పడుకుంటేనే నాకు బొమ్మ."

"నువ్వు లేచెళ్తేనే నాకు నిద్ర."

ఇద్దరిదీ నిజమే. నిద్రలేక ఆయన కళ్ళ కింద నల్లబడింది. కాగితాల మీద కాగితాలు పాడయ్యాయి. నిద్ర నటించే మనిషిని గీస్తే బొమ్మలో నటనే వస్తుంది. దాన్ని ఎంత బాగా గీస్తే అంత బాగా పట్టుబడుతుంది. ఒకసారి మేడం నా కట్ట అంతా తిరగేసి, "ఈయన ఎవరో ఫోటోగ్రాఫర్ కోసం ఎదురుచూస్తున్నాడు" అంది. సీటు మళ్ళీ చేజారిపోతోందని తెలుస్తూనే ఉంది. ఒక దశలో మళ్ళీ తానులూ కత్తెరలూ గీసుకుందామా అనుకున్నాను.

నవంబరులో ఒక రోజు ఆయన మధ్యాహ్నం పన్నెండింటికి వచ్చారు. ఎవరో రాకపోతే వాళ్ళ డ్యూటీ కూడా ఈయనే చేశారు. అలవాటుగా తల దువ్వుకుని పడుకుని, "ఇవాళ ల్యాబులో ఏమైందంటే, ఆ కొత్తగా వచ్చినతను లేడూ, అతను పొద్దున్నే..." అన్నారు. తర్వాత మాట రాలేదు. కాసేపు ఆగి చూశాను. పొద్దున్నే ఏం చేశాడో ఈరోజుకీ నాకు తెలియదు. చేతులు గుండెల మీంచి జారి రెండు పక్కలా పడ్డాయి. దువ్విన తల దిండు మీద పక్కకి తిరిగింది. నోరు కొంచెం తెరుచుకుంది, మాట మధ్యలో ఆగినట్టే. నేను బొగ్గు తీసుకున్నాను. ఈసారి వెలుగు కోసం చూడలేదు, ఆ మనిషినే చూశాను. మా అమ్మాయి స్కూలు బస్సు దిగి వచ్చేదాకా చెయ్యి ఆపలేదు.

సాయంత్రం లేచాక ఆయనకి చూపించాను. ఇటు తిప్పి చూశారు, అటు తిప్పి చూశారు.

"నిద్రపోయినట్టే ఉన్నాను."

"నిద్రపోయారు."

"ఊఁ" అన్నారు. బొమ్మ నా చేతికిస్తూ, "సరే, పెట్టుకో" అన్నారు.

జనవరిలో గోడ వచ్చింది. రెండు మీటర్ల గోడకి ఆ ఒక్క బొమ్మే పెట్టాను. చుట్టూ తెల్లగా ఖాళీ. పోయిన ఏడాది నన్ను దాటుకుని వెళ్ళిన తెల్లగడ్డం పెద్దాయనే మళ్ళీ వచ్చారు. నన్ను గుర్తుపట్టి నేల వంక ఒకసారి చూశారు, అక్కడేమైనా పరుస్తానేమోనని. మేడంతో అరబ్బీలో గట్టిగా ఏదో చెబుతున్నారు, కారు పెట్టడానికి చోటు దొరకలేదనో ఏదో, చేతులు ఊపుతూ. చెబుతూ చెబుతూనే నా గోడ ముందుకి వచ్చారు. బొమ్మ చూశారు. మాట ఆగలేదు గాని, గొంతు తగ్గిపోయింది. ఆ మిగతా మాటంతా గుసగుసగా చెప్పారు. మేడం జవాబు కూడా గుసగుసగానే ఇచ్చింది. మూడో ఆయన కాగితం తిప్పబోయి, చప్పుడవుతుందని ఆగాడు. తమ గొంతులు తగ్గాయని వాళ్ళెవరికీ తెలిసినట్టు లేదు.

ఆ పది నిమిషాలూ నేను ఊపిరి కూడా గట్టిగా పీల్చలేదు. వాళ్ళు మెల్లిగా అడుగులు వేస్తూ పక్క గోడకి వెళ్ళారు.

జాబితా రావడానికి ఇంకా నాలుగు రోజులుంది. నేను ఆగలేదు. ఇంటికి వెళ్ళగానే, డ్యూటీకి బయల్దేరుతున్న ఆయనతో సీటు వచ్చిందని చెప్పేశాను.